స్థితిస్థాపకం: ఉక్కు కడ్డీ గుణం, మనిషి స్వభావం

టోర్షన్ బార్ అంటే మెలి తిరుగుతూ బరువు మోసే ఉక్కు కడ్డీ. దాని ఒక కొనను కారు చట్రానికి కదలకుండా బిగిస్తారు. రెండో కొనకు అడ్డంగా ఒక చెయ్యి, ఆ చేతి చివర చక్రం ఉంటాయి. చక్రం గతుకు ఎక్కినప్పుడు చెయ్యి పైకి లేచి కడ్డీని మెలితిప్పుతుంది. గతుకు దాటగానే కడ్డీ మెలి వీడి చక్రాన్ని మళ్ళీ రోడ్డుకు ఆనిస్తుంది. మోటారు విద్యలో ఇది సస్పెన్షన్ పద్ధతుల్లో ఒకటి మాత్రమే. తత్త్వశాస్త్రంలో మాత్రం ఈ కడ్డీ ఒక పాత ప్రశ్నను ముందుకు తెస్తుంది. మార్పుకు లోనైన వస్తువు పూర్వస్థితికి రావడానికి కారణం ఆ వస్తువులోనే ఉందా, బయట ఉందా? అలా తిరిగి వచ్చే గుణం జడపదార్థానిదేనా, మనిషికి కూడా ఉందా? మొదటి ప్రశ్నకు ఆంధ్రదేశపు తార్కికులు, బౌద్ధులు ఎవరి జవాబు వారు చెప్పారు. రెండో ప్రశ్నకు బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం వందేళ్ళకు పైగా సాక్ష్యంగా ఉంది.

కడ్డీ పనిచేసే తీరు

తడిబట్టను పిండేటప్పుడు రెండు చేతుల మధ్య బట్ట ఎలా తిరుగుతుందో, కడ్డీ పొడవునా ఉక్కు కూడా అలాగే పొరపొరగా తిరుగుతుంది. బట్టలో మెలి ఉండిపోతుంది, ఉక్కులో ఉండిపోదు. ఈ తిరుగుడుకు లెక్క ఉందని 1784లో ఫ్రెంచి శాస్త్రవేత్త కూలుంబ్ చూపించాడు. మెలితిప్పే బలం ఎంత పెరిగితే మెలి కోణం అంత పెరుగుతుంది. కడ్డీ పొడవు పెరిగితే బిగువు అదే నిష్పత్తిలో తగ్గుతుంది. మందం విషయంలో మాత్రం లెక్క వేరు. బిగువు వ్యాసపు నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది.

దీనివల్ల చిన్న తేడా కూడా పెద్ద ఫలితం ఇస్తుంది. ఒక మీటరు పొడవు, 25 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఉక్కు కడ్డీకి 30 సెంటీమీటర్ల చెయ్యి అమర్చి, ఆ చేతి చివర సుమారు 18 కిలోల బరువు వేలాడదీస్తే కడ్డీ ఒక డిగ్రీ తిరుగుతుంది. అదే కడ్డీ వ్యాసం 30 మిల్లీమీటర్లు ఉంటే ఒక డిగ్రీ తిప్పడానికి సుమారు 37 కిలోలు కావాలి. మందం ఐదో వంతు పెరిగితే బిగువు రెట్టింపు దాటుతుంది. వ్యాసం రెట్టింపైతే బిగువు 16 రెట్లవుతుంది.

కార్లలో ఎక్కువగా కనిపించే చుట్టల స్ప్రింగు పని కూడా నిజానికి ఇదే. స్ప్రింగును నొక్కినప్పుడు దాని తీగ ముఖ్యంగా మెలి తిరుగుతుంది. చుట్టల స్ప్రింగు అంటే చుట్టి పెట్టిన టోర్షన్ బార్ అని చెప్పవచ్చు. లారీల కమాన్ కట్టల పద్ధతి వేరు. అక్కడ ఉక్కు పట్టీలు వంగుతాయి, ఒకదాని మీద ఒకటి రాసుకుంటాయి. ఆ రాపిడి ఊగిసలాటను కొంత అణచుతుంది. టోర్షన్ బార్‌లో అలాంటి రాపిడి దాదాపు లేదు. అందుకే దాని పక్కన షాక్ అబ్జార్బర్ తప్పనిసరి.

కడ్డీకి ఉన్న లాభాలు మూడు. చట్రం వెంబడి పడుకోబెట్టవచ్చు కనుక చోటు కలిసివస్తుంది. ఒక కొన చట్రానికే బిగించి ఉంటుంది కనుక చక్రంతో పాటు ఎగిరిపడే బరువు తక్కువ. బిగించిన కొనను కొద్దిగా తిప్పి మళ్ళీ బిగిస్తే బండి ఎత్తు మారుతుంది. ఎత్తు మారినా కడ్డీ బిగువు మారదు. తిరిగి రావాల్సిన చోటు మాత్రమే మారుతుంది. తత్త్వచర్చకు ఈ మూడో లక్షణం ముఖ్యమైనది.

రోడ్డు కార్లు, పందెం కార్లు

జర్మనీలో ఫెర్డినాండ్ పోర్షే కార్యాలయం 1931లో టోర్షన్ బార్ సస్పెన్షన్‌కు పేటెంటు కోరింది. 1934లో ఫ్రాన్సులో వచ్చిన సిత్రోయెన్ ట్రాక్షన్ అవాంట్ దీన్ని మామూలు కొనుగోలుదారు కారులోకి తెచ్చింది. అదే ఏడాది పోర్షే రూపకల్పన చేసిన ఆటో యూనియన్ పందెం కారు ముందు చక్రాలు కూడా టోర్షన్ బార్ల మీదే నిలిచాయి. ఫోక్స్‌వాగన్ బీటిల్ ఈ పద్ధతినే లక్షల ఇళ్ళకు చేర్చింది. పోర్షే 911 కార్లు 1960ల నుంచి 1989 దాకా వీటినే వాడాయి. 1961లో వచ్చిన రెనో 4 కారులో వెనుక చక్రాల కడ్డీలు రెండూ అడ్డంగా ఒకదాని వెనుక ఒకటి ఉంటాయి. అందువల్ల ఆ కారులో ముందు వెనుక చక్రాల దూరం ఒక పక్క కంటే రెండో పక్క 48 మిల్లీమీటర్లు ఎక్కువ.

తెలుగువారికి ఈ కడ్డీ పరిచయమైంది అంబాసిడర్ కారు ద్వారా. బ్రిటన్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా మీద హిందుస్థాన్ మోటార్స్ ఈ కారును 1950ల చివరి నుంచి 2014 దాకా తయారు చేసింది. దాని ముందు చక్రాలకు టోర్షన్ బార్లు, వెనుక ఇరుసుకు కమాన్ కట్టలు. కలెక్టరు బండి, డాక్టరు బండి, పెళ్ళివారి ట్యాక్సీ అన్నీ అదే అయిన దశాబ్దాల్లో తెనాలి, రేపల్లె, బాపట్ల రోడ్ల మీద తిరిగిన అంబాసిడర్ల ముందు భాగాన్ని మోసినవి ఈ కడ్డీలే. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చే డెల్టా నల్లరేగడి మీద రోడ్డు సమంగా నిలవడం కష్టం. ఏళ్ళ తరబడి ఆ గతుకులు మోసిన కడ్డీ కొద్దిగా లొంగి బండి ముందు భాగం దిగితే, కడ్డీ అమరికను సర్ది ఎత్తు సరిచేసేవారు.

పందెం కార్లలో ఈ కడ్డీ చరిత్ర ఇంకా దట్టమైనది. 1955, 1956, 1957 లమాన్ పందేలను వరుసగా గెలిచిన జాగ్వార్ డి టైప్ కారు ముందు వెనుకల టోర్షన్ బార్ల మీదే నడిచింది. 1970లో లోటస్ సంస్థ తెచ్చిన 72 నమూనా ఫార్ములా వన్ కారులో కొలిన్ చాప్‌మన్, మారిస్ ఫిలిప్ ఒక గొట్టాన్నీ దాని లోపల మరో కడ్డీనీ జతచేసి వాడారు. పొట్టి చోటులో పొడుగు కడ్డీ చేసే పని దానితో సాధ్యమైంది. ఆ కారు 1970, 1972, 1973లలో తయారీదారుల ప్రపంచ టైటిల్ గెలిచింది. 1990ల చివరి నుంచి ఫార్ములా వన్ కార్లలో చిన్న టోర్షన్ బార్లు వ్యాపించాయి. ట్రాకును బట్టి ఒకటి తీసి మరొకటి పెట్టడం సులువు. మలుపులో కారు పక్కకు ఒరగకుండా ఎడమ కుడి చక్రాలను కలిపే యాంటీ రోల్ బార్ కూడా మెలి తిరిగే కడ్డీయే. అది నేటి మామూలు కార్లలో చాలావాటికి ఉంది.

తెలంగాణలో మెదక్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ తయారు చేసిన సారథ్ సైనిక వాహనం కూడా టోర్షన్ బార్ల మీదే నడుస్తుంది. దాని ఒక్కో పక్క ఆరు చక్రాలు ఉంటాయి.

అన్నంభట్టు జవాబు

మెలి తిరిగిన కడ్డీ తిరిగి ఎందుకు వస్తుంది? ఈ ప్రశ్నకు భారతీయ దర్శనాల్లో సూటిగా జవాబు చెప్పింది న్యాయ వైశేషిక సంప్రదాయం. ఆ శాస్త్రానికి దేశమంతా వాడే ప్రవేశగ్రంథం తర్కసంగ్రహం. దాన్ని 17వ శతాబ్దిలో రాసిన అన్నంభట్టు తెలుగువాడు. ఆయనది కృష్ణాతీర ప్రాంతపు గరికపాడు అని సంప్రదాయం చెబుతుంది.

ఈ శాస్త్రం లెక్కలో గుణాలు 24. వాటిలో ఒకటి సంస్కారం, అది మూడు రకాలు. మొదటిది వేగం. విడిచిన బాణం ముందుకు సాగిపోవడానికి కారణం అది. పృథివి, జలం, తేజస్సు, వాయువు, మనస్సు దానికి ఆశ్రయాలు. రెండోది భావన. అనుభవం వల్ల పుట్టి జ్ఞాపకానికి కారణమవుతుంది. అది ఆత్మలో మాత్రమే ఉంటుంది. మూడోది స్థితిస్థాపకం. మరోలా చేసిన వస్తువును మళ్ళీ మునుపటి స్థితికి చేర్చేది అది. దానికి ఆశ్రయం చాప వంటి పార్థివ ద్రవ్యాలు. చుట్టి వదిలిన చాప తిరిగి పరుచుకోవడం, వంచి వదిలిన కొమ్మ తిరిగి లేవడం దీనికి నిదర్శనాలు. అన్నంభట్టు కంటే వెయ్యేళ్ళ ముందరి ప్రశస్తపాదుడు విల్లును, కొమ్మను, కొమ్మును, దారాన్ని, బట్టను ఇదే వరుసలో లెక్కించాడు. తెలుగు భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో స్థితిస్థాపకత అనే మాట ఈ పరంపర నుంచే వచ్చింది.

ఈ జవాబులో రెండు విషయాలు గమనించాలి. ఒకటి, తిరిగి రావడానికి కారణం వస్తువులోనే ఉన్న గుణమని చెప్పడం. వదిలిన కడ్డీని వెనక్కు తిప్పే చెయ్యి బయట లేదు కనుక కారణం లోపలే ఉండాలి. రెండు, ఆ గుణం అతీంద్రియమని చెప్పడం. కంటికి కనిపించేది తిరిగి వచ్చే కదలిక మాత్రమే. కారణాన్ని ఆ కదలికను బట్టి అనుమానించాలి. బండి బరువు మోస్తూ కదలకుండా నిలిచిన కడ్డీలో కూడా ఈ గుణం పనిచేస్తూనే ఉంది. చూసేవారికి మాత్రం అది ఉత్త కడ్డీ.

సంస్కారాన్ని మూడుగా విడదీయడం ఎంత సూక్ష్మమైన పనో కడ్డీ చలనం చూస్తే తెలుస్తుంది. షాక్ అబ్జార్బర్ లేని బండిలో కడ్డీ పూర్వస్థితికి వచ్చి ఆగిపోదు. దాన్ని దాటి అవతలికి పోతుంది, మళ్ళీ ఇవతలికి వస్తుంది. పూర్వస్థితి వైపు లాగేది స్థితిస్థాపకం. ఆ స్థితిని దాటించి తీసుకుపోయేది వేగం. రెండూ ఒకటే అయితే ఊగిసలాట ఉండదు. తిరిగి రావడం వేరు, నిలకడ వేరు. నిలకడ రావాలంటే వేగాన్ని హరించే మూడో ఏర్పాటు కావాలి.

ఇక్కడ శాస్త్రానికి ఒక చిక్కు ఉంది. న్యాయ వైశేషికులు గనిలో పుట్టే బంగారం మొదలైనవాటిని తేజస్సు వర్గంలో చేర్చారు. ఇనుము కూడా ఆ వర్గంలోకి వస్తే, పృథివికి మాత్రమే చెప్పిన స్థితిస్థాపకం ఉక్కు కడ్డీలో ఎలా ఉంటుంది? ఇనుము తుప్పు పట్టి మట్టిలా రాలుతుంది కనుక దాన్ని పార్థివమని చెప్పడం ఒక దారి. రెండో దారిని సంప్రదాయమే చూపింది. 17వ శతాబ్దికే చెందిన విశ్వనాథ పంచాననుడు ఈ గుణం పృథివిలో ఉంటుందని చెబుతూ, నాలుగు భూతాల్లోనూ ఉంటుందని కొందరి మతమని నమోదు చేశాడు. ఉక్కును చూసినవారికి ఆ రెండో మతమే సరైనదని తోస్తుంది. ఏ పక్షం తీసుకున్నా ఒక హద్దు చెక్కుచెదరలేదు. ఆత్మకు స్థితిస్థాపకాన్ని ఏ పక్షమూ అంటగట్టలేదు.

బౌద్ధుల ఆక్షేపణ

తెనాలి, రేపల్లెల మధ్య ఉన్న భట్టిప్రోలులో 1892లో అలెగ్జాండర్ రీ స్తూపాన్ని తవ్వించినప్పుడు శాసనాలున్న ధాతు కరండాలు బయటపడ్డాయి. క్రీస్తు పూర్వపు శతాబ్దాల్లోనే ఈ నేల మీద బౌద్ధం వేళ్ళూనిందనడానికి అవి సాక్ష్యాలు. బౌద్ధ తత్త్వవేత్తలు ఈ ప్రశ్నను మరో పక్క నుంచి చూశారు.

క్షణికవాదుల దృష్టిలో ఏ వస్తువూ రెండు క్షణాలు నిలవదు. నిటారుగా ఉన్న కడ్డీ ఒక క్షణానిది, మెలి తిరిగింది మరో క్షణానిది, మెలి వీడింది ఇంకో క్షణానిది. ఒకదాని వెంట ఒకటి పుట్టే ఆ వరుసలో పోలిక ఉంది కనుక అదే కడ్డీ తిరిగి వచ్చిందని మనసు అనుకుంటుంది. న్యాయపక్షం దీనికి ప్రత్యభిజ్ఞను అడ్డుపెడుతుంది. ఇది ఆ కడ్డీయే అన్న గుర్తింపు అందరికీ కలుగుతుంది. తిరిగి రావడం అన్న మాటకు అర్థం ఉండాలంటే వెళ్ళినదీ వచ్చినదీ ఒకటే అయి ఉండాలి.

ఈ వాదంలో ఉక్కు ఇద్దరికీ చెరికొంత సాక్ష్యం చెబుతుంది. మెలి వీడిన కడ్డీని కొలిస్తే మొదటి కొలతే వస్తుంది. ఇది న్యాయానికి బలం. కానీ లక్షల సార్లు మెలి తిరిగాక, ఏ ఒక్కసారీ హద్దు దాటకపోయినా, కడ్డీ మీద చిన్న పగులు పుట్టి ఒకనాడు తెగిపోవచ్చు. లోహానికి అలసట ఉందంటే ప్రతి మెలికా ఎంతో కొంత మిగిల్చి పోయిందన్నమాట. తిరిగి వచ్చిన కడ్డీ అచ్చంగా వెళ్ళిన కడ్డీ కాదు. ఇది బౌద్ధానికి బలం.

నాగార్జునుడి విమర్శ ఇంకా లోతుకు పోతుంది. తెలుగునేల మీది శ్రీపర్వతంతో సంప్రదాయం ఆయన పేరును ముడిపెట్టింది. దేనికైనా తనదైన, ఇతరం మీద ఆధారపడని స్వభావం ఉంటే అది మారడం కుదరదని, మారేది ఏదైనా కారణాల కూడిక మీద నిలిచిందేనని ఆయన వాదం సారం. ఈ వాదాన్ని కడ్డీకి అన్వయిస్తే స్పష్టమైన ఫలితం వస్తుంది. ఒక కొన చట్రానికి బిగించి లేకపోతే కడ్డీ మెలి తిరగదు, ఊరికే దొర్లుతుంది. తగిన మిశ్రమం లేకపోతే, కాల్చి చల్లార్చి మళ్ళీ వేడిచేసే పదును పెట్టకపోతే, అదే ఇనుము వంగిన చోట వంగి ఉండిపోతుంది. బిగించిన కొనను తిప్పితే తిరిగి రావాల్సిన చోటే మారిపోతుంది. అంటే కడ్డీ స్వభావం అని పిలిచేది మిశ్రమం, పదును, పొడవు, మందం, బిగింపు, బరువు అన్నీ కలిసి ఏర్పరచిన స్థితి. ఈ కారణాలను పక్కకు పెట్టి చూస్తే మిగిలే స్వభావం లేదు.

ఉక్కుకున్న హద్దులు

ఆధునిక విజ్ఞానం చెప్పే జవాబు ఈ రెండు దృష్టులకూ చోటిస్తుంది. మెలి తిరిగినప్పుడు పరమాణువులు తమ చోట్ల నుంచి అతి స్వల్పంగా జరుగుతాయి. వాటి మధ్య బంధాల్లో శక్తి నిలవ అవుతుంది, ఆ శక్తే కడ్డీని వెనక్కు తిప్పుతుంది. స్థితిస్థాపక అవధి దాటితే పరమాణువుల వరుసలు ఒకదాని మీద ఒకటి జారి కొత్త పొరుగులో స్థిరపడతాయి. ఆ కొత్త చోటు కూడా పాత చోటంత కుదురైనదే కనుక వెనక్కు రావడానికి కారణం మిగలదు. ఆ మెలి శాశ్వతం.

మెలి తిరిగే కడ్డీలో ఒత్తిడి నడిమధ్య సున్నా, ఉపరితలం మీద అత్యధికం. కనుక పైన పడిన ఒక గీత కూడా పగులుకు మొదలు కావచ్చు. ఉపరితలాన్ని నున్నగా చేయడం, చిన్న ఉక్కు గుండ్లతో కొట్టి గట్టిపరచడం, తుప్పు పట్టకుండా పూత వేయడం ఇందుకే. తయారీదారులు మరో పని కూడా చేస్తారు. కడ్డీని అది పనిచేయాల్సిన దిశలో కావాలనే హద్దు దాటించి మెలితిప్పి వదులుతారు. దానితో లోపల మిగిలే ఒత్తిళ్ళు తరువాత మోయబోయే బరువుకు ఎదురుగా నిలిచి కడ్డీకి బలమిస్తాయి. ఇలా తయారైన ఎడమ పక్క కడ్డీని కుడి పక్క వాడకూడదు. ఒకే ఉక్కు, ఒకే కొలత అయినా, పొందిన సంస్కారం వేరు కనుక పని వేరు. జడమైన ఉక్కు కూడా తన చరిత్రను మోస్తుంది.

స్టూవర్టుపురం వేసిన ప్రశ్న

తిరిగి రావడం అనే గుణాన్ని మనిషికి అంటగట్టిన చట్టం ఒకటి భారతదేశంలో ఉండేది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం ఉత్తర భారతంలో నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తించింది. కొన్ని కులాలవారు, తెగలవారు పుట్టుకతోనే నేరం వైపు మొగ్గుతారని, ఎంత దిద్దినా ఆ దారికే తిరిగి వస్తారని ఆ చట్టం వెనుక ఉన్న నమ్మకం. వేలిముద్రలు తీసుకోవడం, హాజరు వేయించడం, అనుమతి లేనిదే ఊరు దాటనివ్వకపోవడం దాని పద్ధతులు. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసే అధికారం కూడా అందులో ఉంది.

ఆ చట్టం కింద ఎరుకల కుటుంబాల కోసం 1913లో బాపట్ల, చీరాలల మధ్య ఏర్పడిన సెటిల్‌మెంటే స్టూవర్టుపురం. మద్రాసు ప్రభుత్వంలోని ఉన్నతాధికారి హెరాల్డ్ స్టూవర్టు పేరు దానికి పెట్టారు. నిర్వహణ సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు అప్పగించారు. ఆ సంస్థ నమ్మకం ప్రకారం పాపం ఏ ఒక్క జాతిదీ కాదు, అందరిదీ. దైవానుగ్రహంతో ఎవరైనా కొత్త మనిషి కావచ్చు. స్వభావం మారదని నమ్మిన చట్టమూ, ప్రతి మనిషీ మారగలడని నమ్మిన మతమూ ఒకే కంచె లోపల కలిసి పనిచేశాయి. ఆ కంచె లోపల మార్పు గురించిన మాట మతానిది, హాజరు పట్టీ చట్టానిది.

ఎరుకలవారికి తరాల నాటి వృత్తులున్నాయి. బుట్టలు, తట్టలు అల్లడం, చాపలు నేయడం, ఎరుక చెప్పడం, పందుల పెంపకం, కోస్తా ఉప్పును పశువుల మీద మెట్టప్రాంతాలకు మోసి ధాన్యం తేవడం వాటిలో ఉన్నాయి. రైళ్ళు, బ్రిటిష్ ఉప్పు విధానం ఆ వ్యాపారాన్ని దెబ్బతీశాయి. అడవి చట్టాలు వెదురుకు, ఆకుకు అడ్డుపడ్డాయి. ఈ కథను చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో వెలువడిన తన గ్రంథంలో వివరంగా రాశారు. బతుకుతెరువు తెగిన మనుషుల్లో కొందరు చేసిన పనిని చట్టం మొత్తం జాతి రక్తంలో వెతికింది. చుట్టూ ఉన్న కారణాలన్నీ చెరిపేసి స్వభావం అనే ఒక్క మాట మిగిల్చింది. ఉక్కు విషయంలోనే నిలవని వాదం అది. బిగింపును, బరువును చూడకుండా కడ్డీ నడవడికకు కారణం చెప్పలేనప్పుడు, బతుకు పరిస్థితులు చూడకుండా మనిషి నడవడికకు కారణం చెప్పడం అసలే కుదరదు.

న్యాయ వైశేషిక విభజన ఈ చట్టపు తప్పును మరో విధంగా బయటపెడుతుంది. మనిషిలో ఉండే సంస్కారం భావన. దాని పుట్టుక గురించి ప్రశస్తపాదుడు మూడు కారణాలు చెప్పాడు. గాఢమైన అనుభవం, మళ్ళీ మళ్ళీ చేసే అభ్యాసం, విషయం మీద ఆదరంతో పెట్టే శ్రద్ధ. దాన్ని తొలగించే వాటిలో జ్ఞానం కూడా ఉంది. అంటే భావన పుట్టిన తరువాత వచ్చేది, ఆ ఒక్క ఆత్మకు సంబంధించినది, కొత్త అనుభవంతో మారేది. ఒకరి అనుభవం మరొకరి జ్ఞాపకం కాదు కనుక భావన తండ్రి నుంచి కొడుకుకు పదార్థంగా సంక్రమించదు. పూర్వజన్మ సంస్కారాలను ఒప్పుకునే ఈ దర్శనం కూడా వాటిని ఆ ఆత్మకే కట్టింది, తెగకు కట్టలేదు. పుట్టుకను బట్టి మనుషులను అంచెలుగా నిలబెట్టిన సమాజంలోనే ఈ శాస్త్రం పెరిగిందన్నది నిజం. అయినా దాని పదార్థ విభజనలో పుట్టునేరస్థుడికి చోటు లేదు. చాపకు చెప్పిన గుణాన్ని చాప అల్లినవారికి అంటగట్టడం ఆ శాస్త్రం లెక్కలో పదార్థాలను కలగాపులగం చేయడమే.

ఒక అభ్యంతరం రావచ్చు. అలవాటు మానినవారు మళ్ళీ అదే అలవాటుకు పోవడం లోకంలో కనిపిస్తుంది కదా, అది స్థితిస్థాపకం కాదా? కాదు. కడ్డీ తిరిగి రావడానికి అనుభవం, అభ్యాసం అక్కర్లేదు. మొదటిసారి మెలితిప్పినా తిరిగి వస్తుంది. మనిషి పాత అలవాటుకు పోవడం అభ్యాస బలం వల్ల, పాత పరిస్థితులు మళ్ళీ చుట్టుముట్టడం వల్ల. రెంటినీ మార్చే వీలుంది. కడ్డీ తాను ఎటు తిరగాలో ఆలోచించదు, మనిషి ఆలోచిస్తాడు.

దేశమంతటా ఆ చట్టం 1952లో రద్దయింది. దాని కింద నమోదైన తెగలు విముక్త జాతులయ్యాయి. అయినా నిఘా మరో పేరుతో, అలవాటు నేరస్థుల చట్టాలుగా, చాలా రాష్ట్రాల్లో మిగిలింది. 1970లలో విజయవాడ నాస్తిక కేంద్రానికి చెందిన లవణం, ఆయన భార్య హేమలతా లవణం స్టూవర్టుపురంలో సంస్కరణ కృషి చేపట్టారు. కవి గుర్రం జాషువా కుమార్తె అయిన హేమలత నెలకొల్పిన సంస్థ పేరు సంస్కార్. దేవుడి అనుగ్రహం వల్ల మనిషి మారతాడని నమ్మిన సాల్వేషన్ ఆర్మీ ఒకనాడు, దేవుడి మీద నమ్మకమే లేకుండా మనిషి తన ఇచ్ఛతో మారతాడని నమ్మిన నాస్తికులు మరొకనాడు అదే ఊరికి వచ్చారు. పునాదులు పూర్తిగా విరుద్ధమైనా, మనిషి స్వభావం బిగించిన కడ్డీ కాదన్న మాట దగ్గర ఇద్దరూ ఏకమయ్యారు. ఆస్తిక, బౌద్ధ, క్రైస్తవ, నాస్తిక మార్గాలు నాలుగూ ఒకే తీర్పు దగ్గర కలవడం అరుదు. ఈ విషయంలో కలిశాయి.

తేలిన విషయం

మొదటి ప్రశ్నకు జవాబు ఇది. పూర్వస్థితికి రావడానికి కారణం వస్తువులోనే ఉంది. కానీ ఆ కారణం దానికి తయారీ వల్ల, బిగింపు వల్ల, చరిత్ర వల్ల సమకూరింది. దానికి హద్దు ఉంది, అలసట ఉంది. అన్నంభట్టు గుణాన్ని సరిగా గుర్తించాడు, నాగార్జునుడు ఆ గుణపు ఆధారాలను సరిగా గుర్తు చేశాడు.

రెండో ప్రశ్నకు జవాబు ఇంకా తేలికైనది. స్థితిస్థాపకం జడపదార్థపు గుణం. మనిషిది భావన, అది అనుభవంతో ఏర్పడి అనుభవంతో మారుతుంది. ఒక తెగకు నేరస్వభావం ఉందన్న మాట శాస్త్రానికీ, దర్శనానికీ, మతానికీ దేనికీ నిలవదు. చట్టం పోయి 70 ఏళ్ళు దాటినా సినిమాల్లోనూ, పత్రికల్లోనూ, ఇంటి మాటల్లోనూ స్టూవర్టుపురం పేరును దొంగతనానికి మారుపేరుగా వాడే అలవాటు పోలేదు. మానాల్సిన అలవాటు ఆ ఊరిది కాదు, ఆ పేరును అలా వాడేవారిది. తెలుగు పాఠకులు, రచయితలు ఆ వాడుకను ఇప్పటికైనా విడిచిపెట్టాలి.